మరిపెడ నుంచి కొత్తవాడకు: కారు టేపులో చిక్కుకున్న సాంబయ్య కాక గొంతు

పాత కారులో పాత క్యాసెట్ ప్లేయర్‌ను ఇంకా కాపాడుకుంటూ, దాంతోనే వరంగల్ దాకా వెళ్లి రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎనభైల నడుమ సంగతి. నాకు మరిపెడలో బట్టల కొట్టు ఉండేది. జంపఖానాలు మాత్రం వరంగల్ కొత్తవాడలో సాంబయ్య కాక మగ్గం నుంచే తెచ్చేవాణ్ణి. కాక మగ్గం తలాపున కూర్చుని ఏ వరుసలో ఏ రంగు ఎన్ని పోగులో గొంతెత్తి చెబుతుంటే, ఆయన కూతురు లక్ష్మక్క నేసేది. కాగితం మీద బొమ్మంటూ ఏమీ లేదు, అంతా ఆయన నోట్లోనే. ఆ ఏడు కాక గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని హైదరాబాద్ డాక్టర్లు ముందే చెప్పేశారు. దవాఖానలో చేరడానికి రెండు రోజుల ముందు నేను కొట్లోని టేప్ రికార్డర్ పట్టుకెళ్లి, పెద్ద జంపఖానా లెక్కంతా ఆయన చేత చెప్పించి ఒక క్యాసెట్‌లోకి ఎక్కించాను. రికార్డర్‌తో పాటు ఆ క్యాసెట్ కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆపరేషన్ అయి నెల తిరిగాక లక్ష్మక్క కార్డు రాయించింది. సగం నేసిందట, మిగతా లెక్క గుర్తుకు రావడం లేదట, క్యాసెట్ తెమ్మంది.

పొద్దున ఏడింటికి బయలుదేరాను. మరిపెడ నుంచి తొర్రూరు, రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్ డెబ్బై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అప్పటి రోడ్డుకు, నా కారుకు కలిపి రెండున్నర గంటలు పట్టేది. తొర్రూరులో ఆగి చాయ్ తాగాను, అర్ధ రూపాయి. అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను. చాయ్ తాగాక కాక గొంతు ఒకసారి వినాలనిపించింది. వెనక సీట్లో రికార్డర్ ఉన్నా, క్యాసెట్ తీసి కారు ప్లేయర్‌లో పెట్టాను. "ఎర్ర నాలుగు, నల్ల రెండు, తెల్ల ఆరు" అంటూ కాక గొంతు కారంతా నిండింది. ఆ గొంతు ఇప్పుడు ఈ టేపులో తప్ప ఎక్కడా లేదని తలచుకుంటే కళ్లు చెమర్చాయి.

వర్ధన్నపేట దాటాక ఆ గొంతు బరువెక్కింది, సాగింది, ఆగిపోయింది. మీట నొక్కితే క్యాసెట్ బయటికి రాలేదు. కారు పక్కకు ఆపి వేలితో కదిపి చూశాను, లోపల టేపు దేనికో గట్టిగా చుట్టుకుని ఉంది. లక్ష్మక్కకు ముఖం చూపించే ధైర్యం లేక, ముందు హనుమకొండ చౌరస్తాలో రేడియోలు బాగుచేసే యాకూబ్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన ప్లేయర్‌ను ఊడదీసి, మూత తెరిచి, వేలు పెట్టి, ఆ వేలిని వాసన చూశాడు.

"ఏం పోసినవ్ సేటూ దీంట్ల?"

"మొన్న కీచుమంటాంటె జర మిషన్ నూనె ఏసిన."

"దేనికి?"

"తిరిగేవాటికన్నిటికి."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. తప్పు నాదే. నేను పుట్టి పెరిగింది కుట్టు మిషన్ల మధ్య. కీచుమన్న ప్రతిదానికీ రెండు చుక్కల నూనె వేయడం మా ఇంట్లో ఒంటికి పట్టిన అలవాటు. టేపును ముందుకు లాగే రబ్బరు రోలర్‌కు మాత్రం నూనె తగలకూడదట. తగిలితే టేపు జారి, దానికే చుట్టుకుంటుందట.

"పది పదిహేను చుట్లు పడ్డది. కోసి అతికిస్త. పావు నిమిషం పోతది, అంతే" అన్నాడు. పావు నిమిషమంటే ఎన్ని వరుసలో నాకు తెలుసు. కోయనివ్వలేక, క్యాసెట్ నాది కాదన్నాను. "నీది కాదంటె ఎవలదో వాళ్లనే అడుగుదాం పా" అని ఆయనే ఊడదీసిన ప్లేయర్, సామాను సంచి, స్పిరిట్ సీసా పట్టుకుని కారెక్కాడు.

కొత్తవాడ చేరేసరికి పదకొండైంది. కాక మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి మగ్గం వైపు చూడటం లేదని లక్ష్మక్క చెప్పింది. నేను దాచకుండా జరిగిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండుననిపించింది. ప్లేయర్‌ను వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"కోసుడెందుకు? పోగు చిక్కువడితె కోస్తమా?"

"ఇది పోగు కాదక్కా, గుంజితె సాగుతది" అన్నాడు యాకూబ్ భాయ్.

"గుంజుమని ఎవలన్నరు? నువ్వు చక్రం ఎనుకకు తిప్పు, జర జర. నేను ఒదులు చేస్త."

చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆయన వెంట్రుకవాసి తిప్పడం, ఆమె గోటి కొనతో ఒక్కో చుట్టు వదులు చేయడం. కొస పట్టి ఒక్కసారి కూడా లాగలేదు. గంటకు పైగా పట్టింది. ఆఖరి చుట్టు విడిపోయినప్పుడు యాకూబ్ భాయ్ "నా దుకాణంల కూసుంటవా అక్కా?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

టేపును స్పిరిట్ దూదితో తుడిచి, మెల్లగా లోపలికి చుట్టి, ఈసారి మగ్గం పక్కన రికార్డర్‌లో పెట్టాం. లక్ష్మక్క మగ్గం ముందు కూర్చుంది. కాక గొంతు వచ్చింది. నా గుండెల మీది బండ దిగింది. ముడతలు పడ్డ చోట గొంతు వణికింది, అయినా లెక్క తెలిసింది. ఒక్క దగ్గర మాత్రం రంగు పేరు నలిగిపోయి "నాలుగు" అని మాత్రమే వినిపించింది. లక్ష్మక్క ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపింది.

వెనక మంచం కిర్రుమంది. కాక లేచి వచ్చాడు. నూలు ఉండల గంపలోంచి ఆకుపచ్చ ఉండ తీసి కూతురి ఒళ్లో పెట్టి, నాలుగు వేళ్లు చూపించాడు. ఆమె నేసింది. ఆయన అక్కడే నిలబడి తర్వాతి రంగు ఉండ తీశాడు, రెండు వేళ్లు. టేపు ఆగే ఉంది. దాన్ని మళ్లీ వేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణమయ్యాను, కారులో పాట లేకుండానే. వెళ్లేటప్పుడు నేను కాపాడాలనుకున్నది గొంతును. గొంతు పోతే లెక్క పోయినట్టేనని మేమందరం అనుకున్నాం, పాపం కాక కూడా అలాగే అనుకుని గోడవైపు తిరిగాడు. ఆయన్ని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాత కాక మరో ఆరేళ్లు మగ్గం తలాపునే కూర్చున్నాడు. మీకు చెప్పగలిగింది ఒక్కటే: బయలుదేరే ముందు రోజు రోలర్‌ను, టేపు రాసుకునే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, బాగా ఆరనివ్వండి. కీచుమన్నా సరే, దానికి నూనె మాత్రం చూపించకండి.