గోల్ చేయని వాళ్ల పేజీ

డాట్‌కామ్‌లు జోరు మీదున్న రోజుల్లో, నాలుగు వాక్యాలు తిన్నగా రాయగలిగిన ప్రతివాడికీ సింగపూర్‌లో ఏదో ఒక కుర్చీ దొరికేది. నాకూ దొరికింది. అప్పటికి పద్నాలుగేళ్లుగా దినపత్రికల్లో ఆటల డెస్కు మీద ఉన్నాను, మొదట తెలుగులో, ఆ తరువాత ఇంగ్లీషులో. కొత్త ఉద్యోగం ఒక ఆటల వెబ్‌సైటులో. మూడు నెలలు నా పని చూసి, నచ్చితే ఖాయం చేస్తారు. లేదంటే ఇద్దరం తిరుగు విమానం ఎక్కాలి. ఇద్దరం అంటున్నాను, ఎందుకంటే రెండో నెలలోనే ఆగలేక నా భార్యను పిలిపించుకున్నాను. ఒంగోలులో ఉన్న ఇల్లు ఖాళీ చేసి, సామాను పంచిపెట్టి వచ్చేసింది.

నాకిచ్చిన పని టాస్మేనియా ఫుట్‌బాల్‌లో డిఫెండర్ల, అంటే ఎదుటి జట్టును గోల్ చేయనివ్వకుండా అడ్డుకునే వాళ్ల, జీవితాలు రాయడం. టాస్మేనియా ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న దీవి, ఆ దేశంలో ఒక రాష్ట్రం. మా బాస్‌ది ఆ ఊరే. వాళ్ల ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. క్రికెట్ ఆడేంత మైదానం, జట్టుకు పద్దెనిమిది మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని తన్నొచ్చు, గాల్లో పట్టుకోవచ్చు, పిడికిలితో గుద్దొచ్చు. చివర నాలుగు స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి బంతి తన్నితే గోల్. ఇంతకు మించి నాకు తెలియదు. తెలియని ఆట గురించి రాయడం డెస్కు మీద పనిచేసిన వాడికి కొత్తేమీ కాదు కనుక భయపడలేదు.

ఒక్కొక్క ఆటగాడి మీద ఒక వీడియో కేసెట్టు, ఒక కాగితం నాకిచ్చారు. కాగితం మీద ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఆడాడు, ఎన్ని ఆటలు, ఎన్ని గోల్స్ అన్నవి ఉన్నాయి. క్రికెట్ రాసి రాసి ఉన్న కన్ను నాది. కేసెట్లు పక్కన పెట్టి కాగితాలే చదివాను. గోల్స్ ఉండాల్సిన చోట చాలామందికి సున్న. పాపం అనిపించింది. ఒకాయన గురించి, గోల్స్ ఏమీ చేయకపోయినా పన్నెండేళ్లు జట్టులో చోటు నిలుపుకున్న అదృష్టవంతుడని రాశాను. మంచి వాక్యం కుదిరిందని సంబరపడ్డాను కూడా.

శుక్రవారం బాస్ ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి కూర్చున్నాడు.

“అదృష్టవంతుడా?” అన్నాడు. “తప్పులేమీ లేవు, అచ్చుతప్పు కూడా లేదు. కానీ మా వాళ్లందరినీ పనికిమాలినవాళ్లను చేశావు. మా నాన్న ఇది చదివితే నన్ను గుమ్మం తొక్కనివ్వడు. సోమవారానికి మళ్లీ రాయి. నిన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది అది చూసి చెబుతాను.”

ఏం మార్చాలో ఆయన చెప్పలేదు, నాకూ తెలియలేదు. కేసెట్లు సంచీలో వేసుకుని జురాంగ్ ఈస్ట్‌కు రైలెక్కాను.

అక్కడ ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేవాళ్లం. మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగామె. హాల్లో ఆమె టీవీ, వీడియో ప్లేయరు ఉండేవి. శనివారం పొద్దున్నే మొదటి కేసెట్టు పెట్టాను. నలుపు తెలుపు బొమ్మ, మైదానమంతా బురద. నా భార్య సోఫా పక్కన నేల మీద కూర్చుని, లిటిల్ ఇండియా బజారు నుంచి తెచ్చిన గోంగూర కాడల నుంచి ఆకు దూస్తోంది. కాసేపటికి చెయ్యి ఆగింది.

“ఏవండీ, ఈ పొడుగాయన బంతి కేసి చూడట్లేదు.”

“మరెటు చూస్తున్నాడు?”

“ఎదురు వాడి తుంటి కేసి. కళ్లు మోసం చేస్తాయి, చేతులు మోసం చేస్తాయి. తుంటి ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. మళ్లీ వెనక్కి తిప్పండి, చూపిస్తా.”

తిప్పాను. నిజమే. ఎదురు వాడు కుడికి ఊగి ఎడమకు వెళ్లబోయాడు. మా వాడు ముందే అక్కడున్నాడు. పిడికిలితో గుద్దేసరికి బంతి గీత దాటి బయట పడింది.

“నీకెలా తెలుసే ఇదంతా?”

“యూనివర్సిటీ కబడ్డీ జట్టులో మూడేళ్లు ఎడమ కార్నర్ ఆడాను. కూతకొచ్చిన వాళ్ల కాళ్లు పట్టే చోటది. పెళ్లిచూపులప్పుడు మా నాన్న చెప్పాడు మీకు.”

చెప్పాడు. కబడ్డీ ఆడేదని విని తలూపాను. వందలమంది ఆటగాళ్లను ప్రశ్నలడిగిన నేను, పెళ్లయిన ఏడేళ్లలో ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

“కూతకొచ్చిన అమ్మాయి ఫొటో వేసేవాళ్లు పేపర్లో. పట్టుకున్నది నేనైనా సరే, ఆ అమ్మాయి ఫొటోయే. అది మీ పేపరే లెండి,” అంది. మళ్లీ తనే, “లేచి ఆ వంటింటి తలుపు ముట్టుకోండి చూద్దాం. నన్ను దాటి,” అంది.

లేచాను. ఎడమకు వెళ్తున్నట్టు నటించి కుడికి ఉరికాను. ఒక అడుగు పడింది. రెండో కాలు మడమ దగ్గర ఆమె చేతిలో ఉంది. ఆంటీ సోఫా మీద బోర్లా పడ్డాను. గోంగూర హాలంతా చెదిరింది.

చప్పుడు విని ఆంటీ గరిటెతో వచ్చింది. “ఏటమ్మా ఇది, ఆటా, సండా? మొగుణ్ని మకాన్ అయినాక కొట్టుకో, సల్లారిపోతాది!”

ఆమె భాషలో సండ అంటే కొట్లాట, మకాన్ అంటే తిండి. ముగ్గురం కూర్చుని అన్నం తింటున్నా నా భార్యకు నవ్వు ఆగలేదు.

తిన్నాక అసలు మాట చెప్పింది. “వీళ్లు ఎన్ని గోల్స్ చేశారని రాస్తారేంటండీ. వీళ్ల ముందుకొచ్చిన వాడు ఎన్ని చేయలేకపోయాడో రాయండి.”

నా దగ్గరున్న కాగితాల్లో అది లేదు. ఆదివారం ఆఫీసుకు వెళ్లి ఎదుటి జట్ల కాగితాలు తీశాను. ఎవరి మీదైనా గోల్స్ కురిపించే మహా ఆటగాళ్లు, మా పొడుగాయన ఎదురుపడిన రోజున గొంతు పోయిన పాటగాళ్లలా గోల్స్ లేక మిగిలిపోయారు. ఆ పొడుగాయన ఆపిల్ తోట రైతు. వారం పొడుగునా తోటలో నిచ్చెన ఎక్కి దిగి, శనివారం ఆటకు వచ్చేవాడు. పిడికిలి వాచి నెలల తరబడి చొక్కా గుండీ భార్య చేత పెట్టించుకున్న బడిపంతులు ఇంకొకాయన. మూడో ఆయన్ను ఒకసారి ముందు వరుసలో ఆడిస్తే గోల్ చేశాడు. జనం చప్పట్లు కొడుతుంటే సిగ్గుపడి, నన్ను వెనక్కి పంపండని కెప్టెన్‌ను బతిమాలాడు. ఇవన్నీ కేసెట్లలో వ్యాఖ్యాతలు చెప్పినవే. నేను విననివి. రాత్రికి ఇంటికొచ్చి పేజీ అంతా తిరగరాశాను. నా భార్య పక్కన కూర్చుని, ఎక్కడ ఎవరు ఎటు కదిలారో సరిచూసింది.

సోమవారం బాస్ నిలబడే చదివాడు. ఆపిల్ తోటాయన దగ్గర ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. సిగ్గుపడిన ఆయన దగ్గర పెద్దగా నవ్వాడు. “తుంటి కేసి చూస్తాడని నీకెవరు చెప్పారు?” అన్నాడు.

“మా ఆవిడ. ఆమె కూడా డిఫెండరే.”

ఆయన సొరుగులోంచి ఉద్యోగం ఖాయం చేసే కాగితం తీసి సంతకం పెట్టాడు. అది అప్పటికే టైపు చేసి ఉంది. పెట్టాలా వద్దా అన్నదొక్కటే మిగిలిందన్నమాట.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాను. “ఖాయమైంది. ఇక్కడే ఉంటున్నాం,” అన్నాను.

“హమ్మయ్య,” అంది. వంటింట్లోకి తిరిగి ఆంటీకి వార్త కేకేసి చెప్పింది. అటునుంచి ఆంటీ కూడా ఏదో అరిచింది. తరువాత గొంతు తగ్గించి, “ఆపిల్ తోటాయన నచ్చాడా మీ బాస్‌కి?” అంది.

“రెండుసార్లు చదివాడు.”

“నచ్చుతాడు. వచ్చేటప్పుడు మిగతా కేసెట్లు కూడా తెండి. కుడి కార్నర్ వాళ్లను ఇంకా చూడలేదు.”

“ఈ ఆటలో కుడి కార్నర్ ఉండదే.”

“ఉంటుందండీ. మీకు కనపడదంతే.”

ఆ సాయంత్రం రెండు సంచులు నిండా కేసెట్లతో రైలెక్కాను.