కల్లు బందైన నాడు మాకు దిక్కైన నర్సమ్మ

మొన్న సోమవారం పొద్దున జగిత్యాలలో, కూతురి ఇంట్లో నర్సమ్మ కన్నుమూసింది. ఫోన్‌లో ఆ మాట విన్నాక నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎందరో చెయ్యాల్సిన పనిని ఒక్కతే నెత్తికెత్తుకుని, అందరితో మాటలు పడి వెళ్లిపోయింది.

అన్నల, అంటే నక్సలైట్ల, కాలం అది. సిరిసిల్లలో మా నాన్న సాంచెలు నడిపేవాడు. పన్నెండు గంటలు ఆ మగ్గాల మోతలో నిలబడి, దిగగానే కల్లు దుకాణానికి పోయేవాడు. అది చెట్టు కల్లు కాదు, నిద్రమందు కలిపిన కల్లు. చుట్టుపక్కల తాటిచెట్లన్నీ గీసినా అంత కల్లు రాదని తాగేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లకు తెలుసు, ఆపాల్సినవాళ్లకూ తెలుసు.

ఒకరోజు గోడల మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి: కల్లు బంద్. దుకాణాలు మూతపడ్డాయి. మా అమ్మ సంబరపడింది. మూడో రోజుకు నాన్న చేతులు వణికి, తెగిన పోగుకు ముడి వెయ్యలేకపోయాడు. నాలుగో రోజు గోడ మీద తేళ్లు పాకుతున్నాయని కేకలు పెట్టి, ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎదురింటి మామకూ అదే గతి. ఇద్దరినీ దవాఖానకు మోసుకుపోతే, అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకుని కూడా చూడలేదు.

"తాగేటప్పుడు సోయి లేదా? తీస్కపోండ్రి" అన్నాడు.

తెల్లారి ఎదురింటి మామ చనిపోయాడు.

ఆ సంగతి తెలిసి వచ్చింది నర్సమ్మ. మా వాడలో పిల్లలకు సూదులు వేసే సర్కారు నర్సు. గుమ్మం బయట చెప్పులు విడిచి, నేరుగా నాన్న పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమన్న తిన్నవా అన్నా?"

ఏ ఇంటికి పోయినా, ఎవరి దగ్గర కూర్చున్నా, ఆమె మొదటి మాట అదే. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నర్సమ్మ మా అమ్మ వైపు తిరిగి మండిపడింది.

"దుకాణం బంద్ వెట్టిండ్రు, మంచిదే. మరి రోజూ పెయ్యిల వడ్డ మందు ఒక్కసారే బంద్ అయితే పానం పోతదని ఎవలన్న సోచాయించిండ్రా? గిది రోగం చెల్లె. జరమొచ్చినోన్ని తిడ్తమా?"

ఆ రోజే బస్సెక్కిపోయి, కోరుట్లలో తనకు తెలిసిన డాక్టరును సాయంత్రానికల్లా వెంటబెట్టుకొచ్చింది. గోలీలు ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలని ఆయన రాసిచ్చాడు. నర్సమ్మ తన క్వార్టరు ముందు గదిలో చాపలు పరిచింది. అదే గతి పట్టినవాళ్లు మా నాన్నతో కలిపి తొమ్మిది మంది. ఏ పూట గోలీ ఆ పూట తన చేతితోనే ఇచ్చేది. మా అమ్మా, మిగతా ఇళ్ల ఆడవాళ్లూ వంతులవారీగా కాపలా కూర్చున్నారు.

మగవాళ్లంతా గుంపుగా ఏ మీటింగు పెట్టారని పోలీసులు ఆమెను ఠాణాకు పిలిచి పొద్దంతా నిలబెట్టారు. తాగుబోతులను ఎందుకు సాకుతున్నావని అన్నలు కబురు పంపారు. ఇద్దరికీ ఆమె చెప్పిన జవాబు ఒకటే.

"మీరు గూడ ఒచ్చి గంట సేపు గీడ కూసోండ్రి. ఫిట్స్ అచ్చినోళ్లను పట్టుకోను మనుషులు సాల్తలేరు."

ఎవరూ రాలేదు.

ఎదురింటి మామ గుండె ఆగి చనిపోయాడని దవాఖానవాళ్లు కాగితం రాశారు. నర్సమ్మ ఊరుకోలేదు. వైద్యం చెయ్యకుండా వెళ్లగొట్టారని పై ఆఫీసుకు అర్జీ పెట్టింది. దానికి వచ్చిన జవాబు బదిలీ ఉత్తర్వు. గంభీరావుపేట అవతలి పల్లెకు పంపారు. తిట్టిన డాక్టరు మాత్రం తన కుర్చీలోనే ఉన్నాడు. రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది.

నాన్న రెండు నెలలకు మళ్లీ సాంచెల మీదికి పోయాడు. ఇక తాగనే లేదని చెబితే అబద్ధం. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆమె ఆ పల్లె నుంచి వచ్చింది.

"పడ్డోడే లేస్తడు అన్నా, లే" అంది. ఆ తర్వాత ఆయన ముట్టలేదు. ముసలితనం చూసే పోయాడు. నర్సమ్మ మాత్రం కొలువు దిగి కూతురి దగ్గరికి చేరాక కూడా ఆ పని మానలేదు.

సోమవారం నేను జగిత్యాల చేరేసరికి వాకిలి నిండా జనం. పాడె కడుతున్నారు. అప్పుడే ఒక ఆటో ఆగింది. వెల్గటూర్ నుంచి వచ్చిన ఒకామె, వణుకుతున్న పెనిమిటిని భుజానికి ఆనించుకుని దిగింది.

"నర్సమ్మ ఇల్లు గిదేనా? కల్లు మానిపిస్తదట గద" అని అడిగింది.

ఎవరో చెప్పారు. ఆమె పాడె వైపు చూసింది, మా అందరి ముఖాలు చూసింది.

"మరి గిప్పుడు యాడికి వోవాలె?"

ఆమె పెనిమిటిని మెట్టు మీద కూర్చోబెట్టి, వాకిట్లో పడి ఉన్న మా అందరి చెప్పుల మధ్య చోటు చేసుకుని పక్కన కూర్చుంది. కొంగుతో అతని ముఖం తుడవసాగింది.