బుగ్గలు నిండలేదు

తిరువూరు బస్టాండు వెనక అంకారావు జాకెట్లు కుట్టేవాడు. రెండువేల ఆరులో అతనికి హెచ్ఐవీ ఉందని తేలింది. భార్య నాగేశ్వరమ్మకు పరీక్షలో ఏమీ లేదన్నారు. లైనింగు గుడ్డ కోసమని చెప్పి నెలనెలా బెజవాడ వెళ్ళి మందులు తెచ్చుకునేవాడు.

చిక్కిపోతే ఊరు పసిగడుతుంది. పెనుగొలనులో ఒకతను అలా చిక్కిపోతుంటే, అతని కొట్లో టీ తాగడం మానేశారు జనం. ఇక ఆడవాళ్ళు అంకారావుకు ఆది జాకెట్టు ఇస్తారా? అందుకని నాగేశ్వరమ్మ భర్తకు పెట్టడం మొదలుపెట్టింది. ముద్దపప్పు మీద నెయ్యి తేలాలి. ఆదివారం మాంసంలో కొవ్వు ముక్కలన్నీ అతని కంచంలోకే.

మందులు పనిచేశాయి. జ్వరాలు పోయాయి. ఒళ్ళు మాత్రం మాట వినలేదు. ఆ మందుల గుణానికే పొట్ట పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏం మేస్త్రీ, పొట్ట చూస్తే షావుకారువి, మొహం చూస్తే ఉపవాసం!" అన్నాడు ఆటో శౌరయ్య.

అంకారావు నవ్వాడు. నాగేశ్వరమ్మ నవ్వలేకపోయింది. మర్నాటి నుంచి మరో గరిటె నెయ్యి.

బెజవాడ డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి కోప్పడింది. ఈ మందులతో రక్తంలో కొవ్వు పెరుగుతుందని, గుండెకు ముప్పని, నెయ్యీ మాంసం ఆపమని చెప్పింది.

తిరుగు బస్సులో అంకారావు మెల్లగా అన్నాడు. "ఆపేద్దామే."

"బుగ్గలు నిండనీయండి. తరవాత ఆపుదాం."

అతనికీ అదే సబబనిపించింది. గుండె ఎవరికి కనపడుతుంది?

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మిషను మీదికి ఒరిగిపోయాడు. ఒళ్ళంతా చెమట. శౌరయ్య ఆటోలో దగ్గరి ఆసుపత్రికి చేర్చి, పక్కనే నిలబడి అతని అరికాళ్ళు రుద్దుతున్నాడు.

"ఏమన్నా మందులు వాడుతున్నాడామ్మా?" డాక్టరు అడిగాడు.

నాగేశ్వరమ్మ శౌరయ్య వైపు చూసింది. అంకారావు ఆవిడ వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"లేదండి. గ్యాసు బిళ్ళలే," అంది ఆవిడ.

"బీపీ, షుగరూ లేవుగా? గ్యాసే అయ్యుంటుంది."

ఇంజక్షను చేసి పడుకోబెట్టారు. నొప్పి తగ్గలేదు. గుండెకు పరీక్ష చేసేసరికి సాయంత్రమైంది. బెజవాడ తీసుకెళ్ళమన్నారు. కారు ఎ.కొండూరు దాటుతుండగా పోయాడు.

శవం చుట్టూ ఆడవాళ్ళు చేరారు.

"కూర్చుని కుట్టే పని. పైగా తిండిపుష్టి."

"గుండెపోటంట. మొగుణ్ణి నెయ్యి పోసి పెంచుకుంది పాపం."

ఇంకో రోగం మాట ఎవరూ ఎత్తలేదు. నాగేశ్వరమ్మకు ఊపిరి ఆడింది. ఆడినందుకే ఆవిడ తల గోడకేసి కొట్టుకుంది.