అన్న పేరు పక్కన పచ్చ టిక్కు

మాది కోసిగి దగ్గర పల్లె. వానల్లేక మా అన్న దానయ్య ఆ ఏడు కూడా మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస పోయాడు. పోయే ముందు మా చర్చి సంఘస్తులమంతా ఒక బైబిలు వాక్యం యాప్‌లో గుంపుగా చేరాం. ఆ రోజు అధ్యాయం చదివినవాళ్ల పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. అన్నకు ఫోన్ మాట్లాడే తీరిక దొరికేది కాదు. అందుకని పొద్దున్నే ఆ టిక్కు చూసి, వదినకు క్షేమం చెప్పడం నా పనైంది.

ఆ రోజూ చూశాను.

"అన్న సదివినాడు వదినా, బాగుండాడు" అన్నాను.

వదిన నెమ్మదిగా రొట్టెలకు జొన్నపిండి కలుపుకుంది. మొదటి రొట్టె పెనం మీద ఉండగానే, అన్నతో పాటు పనికి పోయిన యోసేపు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, నిద్దట్లో అన్నను పాము కరిసింది. ఆస్పత్రికి తీస్కపోయేలోగానే పాణం పోయింది."

"అబద్ధం! ఈ పొద్దు వాక్యం సదివినాడు గదప్పా!" అని అరిచాను.

"మీకెట్ల చెప్పాల్నో తెలీక, ఆయప్ప పక్కన కూసోని మేమే సదివినాం అక్కా. ఆయప్ప ఫోన్లోనే."

వదిన నా మొహం వంక చూస్తూ ఉండిపోయింది. రొట్టె మాడిన వాసన ఇల్లంతా నిండింది.

గుంపులోంచి అన్న పేరు తీసేయడానికి నాకు ఇప్పటికీ చేతులు రాలేదు. యాప్ తెరవగానే కళ్లు అటే పోతాయి. వదిన మాత్రం మళ్లీ ఎప్పుడూ నన్ను ఎవరి క్షేమమూ అడగలేదు.