బానెట్ మీది బొట్టు

1979లో హన్మకొండ సుబేదారిలో మా సర్వీసింగ్ షెడ్డు ఉండేది. కారు ఎక్కించి అడుగుభాగం కడగడానికి ఒక సిమెంటు ర్యాంపు, ఒక బావి, దానికో మోటారు, పాలిష్ పనికి వెనకాల రేకుల షెడ్డు. అంతే మా సరంజామా. ఊళ్లో సొంత కార్లు తక్కువ. డాక్టర్లు, వకీళ్లు, కాంట్రాక్టర్లు, బజారు సేట్లు మాకు గిరాకీలు.

నేను పుట్టింది డోర్నకల్‌లో. మా నాయన రైల్వేలో పెట్టెలు కడిగే పని చేసేవాడు. మురికిని పైనుంచి కిందికి దింపాలని, నీళ్లు పోయకుండా గుడ్డ పెట్టకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బైబిలు వాక్యం అమ్మ నేర్పింది. ఆ తర్వాత హన్మకొండ క్రైస్తవ సంఘంలో ఆదివారం పిల్లలకు నేనే పాఠం చెప్పేవాణ్ని. ఈ రెండు చదువులూ ఒకే రోజు అక్కరకొస్తాయని అప్పటికి అనుకోలేదు.

కారు మెరుపు పాలిష్‌తో వస్తుందనుకుంటారు. మెరుపు మేమిస్తాం గాని, దాన్ని నిలబెట్టేది ఇంటివాళ్లే. మా దగ్గరికి కారు రెండు మూడు నెలలకోసారి వస్తుంది. మిగతా రోజులన్నీ వాళ్ల వాకిట్లోనే ఉంటుంది. అందుకే తాళం చెవి అప్పగించే ముందు ప్రతి ఒక్కరికీ నాలుగు మాటలు చెప్పేవాణ్ని. పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులపొద్దు, గుడ్డకంటిన ఇసుకే పెయింటును గీకుతుంది. బట్టల సబ్బు పెట్టొద్దు. పిట్టల రెట్ట ఎండక ముందే నీళ్లతో నానబెట్టి తీయాలి. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ. అందరూ తల ఊపేవారు. కొందరు చేసేవారు.

వెంకటేశం సేటు అంబాసిడర్ ఒక్కటే నాకు అంతుపట్టలేదు. వరంగల్ బజారులో ఆయనకు ధాన్యం దుకాణం. మీగడ రంగు బండి, డ్రైవర్ సారయ్య. సారయ్య పనితనం నాకు తెలుసు. చక్రాల లోపలి మట్టి కూడా వేలితో తీసే మనిషి. అయినా బండి వచ్చిన ప్రతిసారీ బానెట్ ముందంచున ఎర్రటి మరకలు, బంపర్ క్రోమ్ పూత మీద తుప్పు చుక్కలు. తక్కిన బండంతా శుభ్రంగా ఉండేది. మరకల మీద రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాను. అది గరుకు ముద్ద. పెయింటు పైపొరను పలచగా అరగదీసి మెరుపు తెస్తుంది. మాటిమాటికీ పడితే కిందున్న రేకు బయటపడుతుంది. ఆ బండికి ఇక పట్టడానికి పొర మిగల్లేదు.

ఒక రోజు సేటు స్వయంగా వచ్చాడు. సారయ్య పక్కనే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"యోహానూ, కొత్త బండి తుప్పు వడ్తాంది. వీడు కడుగుతాండో, కడిగినట్టు చేస్తాండో దేవునికెరుక. వేరే డ్రైవర్‌ను చూసుకుంట ఇగ."

సారయ్య గుడ్డను మడిచి భుజం మీద వేసుకున్నాడు. అతని కుటుంబం ఉండేది సేటు ఇంటి ఆవరణలోని గదిలోనే. పని పోతే గది కూడా పోతుంది.

"శుక్రవారం దాక ఆగండి సేటూ," అన్నాను. "బండి మీ ఇంటికాడ ఎట్ల ఉంటదో ఓసారి చూసి చెప్త."

"చూడు. శుక్రవారం దాకనే."

సేటు రిక్షా ఎక్కి వెళ్లాక సారయ్య ర్యాంపు గట్టు మీద కూలబడ్డాడు.

"నీకు చెప్తే ఏం లాభం గని, ఇను యోహానన్నా. మా సేటమ్మ శుక్రవారం శుక్రవారం బండికి పూజ చేస్తది. బంపర్ మీదనే కొబ్బరికాయ కొడ్తది, బానెట్ మీద పసుపు రాసి బొట్టు పెడ్తది. ఆ నీళ్లు, ఆ కుంకుమ అట్లనే ఎండాలె. ముందటి దిక్కు చెయ్యి పెట్టనియ్యది. బండి బొట్టు తుడిస్తే నా బొట్టు తుడిసినట్టే అన్నది. అట్లన్నంక నేనెట్ల ముట్టుకుంట?"

సేటు పాత కారు ఒకసారి లారీకి గుద్దుకుంది. ఆయన చావు తప్పించుకున్నాడు. ఈ పూజలు అప్పటినుంచి మొదలయ్యాయట. ఇప్పుడు తుప్పు చూసి ఆమె బండికి దిష్టి తగిలిందని రెండో కొబ్బరికాయ కూడా కొడుతోంది. కాయలు పెరిగాయి, తుప్పూ పెరిగింది.

"మరి సేటుకు చెప్పరాదు?"

"అమ్మ మీద చెప్పి నౌకరి నిలబెట్టుకోవాల్నా అన్నా?"

కారణం తెలిసింది. చెప్పడమే కష్టం. కొబ్బరినీళ్లలో తీపి ఉంది, పులుపు ఉంది. బంపర్ సందుల్లో చేరి దుమ్ముతో కలిస్తే తడి ఆరదు. కుంకుమ రంగు లేతరంగు పెయింటులోకి దిగుతుంది. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. కానీ ఆ మాట నా నోటి నుంచి వస్తే వాళ్లకు వినిపించేది వేరు. నేను ఏ దేవుణ్ని కొలుస్తానో బజారంతటికీ తెలుసు. నేను దాచుకున్నదీ లేదు. నా విశ్వాసంలో సందేహమూ లేదు. ఆమె పూజను నేను చేయను, చేయించను. అయితే వాళ్లు నన్ను పిలిచింది బండి సంగతి చూడమని. బండిని అడ్డం పెట్టుకుని మత ప్రసంగం చేస్తే అది నా దేవునికి సాక్ష్యం కాదు, దొంగదెబ్బ. దాని ఫలం సారయ్య అనుభవిస్తాడు. శుక్రవారం ఉదయం రోజూలాగే మోకరించి ప్రార్థన చేసుకుని సైకిలెక్కాను.

ఖిలా వరంగల్ వెళ్లే దారిలో వాళ్ల ఇల్లు. సేటు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య సుగుణమ్మ పళ్లెంతో బండి ముందుకు వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఏందయ్యా, సంఘపాయనకు మా పూజ కాడ ఏం పని? పాటలు గిట్ల పాడుతవా?"

"నా గొంతు మా సంఘపోళ్లే ఓర్సుకోరమ్మా, మీరేం ఓర్సుకుంటరు," అన్నాను. ఆమె మూతి బిగించుకుంది గాని కళ్లు నవ్వాయి.

అప్పుడు ఇంటి గడప మీద నా చూపు పడింది. తడి ఇంకా ఆరలేదు. పచ్చటి పసుపు మీద కుంకుమ బొట్లు తాజాగా ఉన్నాయి. చిన్నప్పుడు డోర్నకల్‌లో ఆదివారం బడిలో మాకు వాక్యం ప్రశ్నలు జవాబులుగా నేర్పేవారు. పంతులు అడగాలి, పిల్లవాడు తన నోటితో చెప్పాలి. నోటితో చెప్పినదే మనసులో నిలుస్తుంది. నేనూ అడిగాను.

"అమ్మా, ఆ గడప మీద పోయిన శుక్రవారం పెట్టిన బొట్టు ఏమైంది?"

"ఏమైతది? పొద్దుగాల కడిగిన."

"కడిగితే బొట్టు పోలేదా?"

"పోవద్దా మరి? కడగకుంట పాత బొట్టు మీద కొత్త బొట్టు ఎవలన్న పెడ్తరా? మాసిన గడపకు లక్ష్మి వస్తదా?"

ఆ మాట అని ఆమె బండి వైపు తిరిగింది. బానెట్ మీద పాత కుంకుమ పొరలుగా గట్టిపడి నల్లబారింది. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. సారయ్య తన చెప్పుల వైపు చూస్తున్నాడు. సుగుణమ్మ పళ్లెం తీసుకెళ్లి అరుగు మీద పెట్టింది.

"సారయ్యా, బకీటు తే. తుడువకు. నీళ్లు పోసి కడుగు. తుడుసుడు వేరు, కడుగుడు వేరు."

సేటు పేపరు దించాడు. "అంటే, వీణ్ని కడగొద్దన్నది నువ్వా?"

"నేనే. ఆ తుప్పేందో నా మీద రాసుకో."

"మరి నాకెందుకు చెప్పలేదురా నువ్వు?"

"మీరు అడుగలే సేటూ," అన్నాడు సారయ్య, నీళ్లు పోస్తూనే.

సేటు మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. కాసేపటికి దాని వెనకనుంచి మాట వచ్చింది. "రేపు పొద్దుగాల్నే హైద్రాబాద్ పోవాలె. టైర్లల్ల గాలి చూసి పెట్టు సారయ్యా."

ఆ తర్వాత నేను చెప్పవలసింది కొంచెమే మిగిలింది. కొబ్బరికాయను బంపర్ మీద కాకుండా బండి ముందు రాయి మీద కొట్టాలని ఆమే తేల్చింది. చిందిన నీళ్లను ఆ రోజే కడిగేస్తే చాలన్నాను. బొట్టు అద్దం పైమూలన పెడితే రంగులోకి దిగదన్నాను. కొద్దిగా ఆలోచించి ఒప్పుకుంది. తుప్పు గీకి ప్రైమర్ పూసి రంగు కలిపిన పని మాది.

ఈ సంగతి మా సంఘపెద్ద చెవిన పడింది. "పూజ ఎట్ల చేయాల్నో నేర్పి వచ్చినవట?" అన్నాడు. "కడుగుడు సంగతే చెప్పినన్నా, అది కూడ ఆమెకు ముందే తెలుసు," అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. మా ఇద్దరి మధ్య అది అలాగే ఉండిపోయింది.

ఆ శుక్రవారం తర్వాత గిరాకీలకు నాలుగు మాటలు అప్పజెప్పడం మానేశాను. మీ ఇంట్లో దేన్ని ఎలా కడుగుతారని ముందు అడిగేవాణ్ని. ఇత్తడి బిందె తోమే ఇల్లాలికి క్రోమ్ సంగతి చెప్పనక్కర్లేదు. డాక్టరు గారికి శుభ్రమైన గుడ్డ గురించి చెప్పనక్కర్లేదు. కారు కూడా వాళ్లు కడిగే వాటిలో ఒకటని గుర్తుచేస్తే చాలు.

ఆ అంబాసిడర్ చాలా ఏళ్లు మా ర్యాంపు ఎక్కింది. అద్దం మూలన బొట్టుతోనే వచ్చేది. సారయ్య దిగి, గుడ్డ తన భుజం మీదే ఉంచుకుని, నా చేతికి ముందు నీళ్ల మగ్గు ఇచ్చేవాడు. బొట్టు కరిగి బానెట్ మీదుగా జారి కింద ఇంకిపోయేదాకా ఇద్దరం చూసేవాళ్లం. ఆ తర్వాతే గుడ్డ నా చేతికొచ్చేది.