మిర్చి బస్తాల మధ్య మా కోబాల్టు

ఈ రోజు మా ల్యాబ్‌లో పండగే! కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు కోబాల్ట్ సమ్మేళన రూపాలని విడదీసేశాం.

టార్టారిక్ ఆమ్లం కలిపి బాగా చల్లబరిస్తే ఒక రూపం స్ఫటికాలై అడుగున చేరుతుంది. నిన్న కరెంటు కోతతో ఫ్రిజ్ ఆగిపోయింది. గుంటూరు ఎండలో చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? నా క్లాస్‌మేట్ మస్తాన్ ఆ నారింజరంగు ద్రావణమున్న ఫ్లాస్కుని వాళ్ళ మామ పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీకి పట్టుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

“ఏందిరా, చారు ఇక్కడికి తెచ్చావు?”

“చారు కాదు మామా, కోబాల్టు. చింతపండులో ఉండే పులుపే కలిపాం.”

“చింతపండేసి చారు కాదంటావేందిరా!”

పొద్దున చూస్తే అడుగున స్ఫటికాలు మిలమిల! నీళ్ళలో కరిగించి, కాంతి ఎటు తిరుగుతుందో చూపే పోలారిమీటర్‌లో పెడితే కాంతి కుడివైపు తిరిగింది. అంటే ఒక రూపం విడిపడినట్టే! ఎగిరి గంతేశాం.

రికార్డులో ‘చల్లని చోట ఉంచాం’ అని మాత్రమే రాశాం. ఫ్లాస్కుకంటిన మిర్చి ఘాటుకి మా ల్యాబ్ మేడమ్ ఆగకుండా తుమ్ముతూనే ఉన్నారు. ఆ చోటేదో చెప్పెయ్యమంటారా?