రూతమ్మ టీచర్ పెట్టిన షరతు

సున్నపు గడ్డల మీద నీళ్లు పోయగానే బకెట్టు బుసబుసమని పొంగింది. వేడి ఆవిరితో పాటు తడి సున్నం ఘాటు ముక్కుకు తగిలింది. జమ్మికుంట పత్తి మార్కెట్ వెనక హమాలీల ఇళ్లన్నీ సిమెంటు రేకులవే. మార్చి ఇంకా సగం కాలేదు, పొద్దెక్కితే చాలు, ఆ రేకుల కింద కూర్చోలేకపోతున్నారు. నా జూనియర్ కాలేజీ పిల్లలు నిచ్చెనలు తెచ్చుకుని, కప్పులకు తెల్లసున్నం కొట్టడానికి సిద్ధమవుతున్నారు. "మేడమ్, ఎందుకు నవ్వుతున్నరు?" అని ఒకమ్మాయి అడిగింది. నేను నవ్వుతున్నానని నాకే తెలియదు. తడి సున్నం వాసన తగిలితే నాకు రూతమ్మ టీచర్ గుర్తొస్తారు. ఆవిడ గుర్తొస్తే నవ్వు ఆగదు.

నేను పుట్టి పెరిగింది నస్పూర్‌లో, బొగ్గుబాయి కార్మికులుండే ఒక రేకుల ఇళ్ల వాడలో. మా బాపు రాజేశం బాయిలో దిగి పనిచేసేవాడు. రూతమ్మ టీచర్ మా బడిలో సైన్సు చెప్పేవారు, మా ఇంటి వెనక వరసలోనే ఉండేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం షిఫ్టు సైరన్‌తో పోటీ పడేది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లొచ్చి, సాయంత్రం తన ఇంటి ముందు చాపలు పరిచేవారు. దానికి ఆవిడ పెట్టిన పేరు 'ఎండ ముచ్చట'. బడి పిల్లలం, కాలేజీకి పోయే అక్కలు, అన్నలు అందరం చేరేవాళ్లం. ఎండలు ఎందుకు ముదురుతున్నాయి, వానలు ఎందుకు అదను తప్పుతున్నాయి, మన వాడ వరకు మనం ఏం చేయగలం అన్నవే అక్కడి మాటలు. మధ్యలో ఆవిడ చేసిన మక్కజొన్న గారెలు వచ్చేవి. మాలో సగం మంది వాటి కోసమే వస్తున్నామని ఆవిడకు బాగా తెలుసు, తెలిసే ఇంకో వాయి ఎక్కువ వేసేవారు.

ఆ చాప మీద ఒకటే షరతు. ఎవరి మాటకైనా జవాబివ్వాలంటే, ముందు వాళ్లన్నది మన నోటితో తిరిగి చెప్పాలి. వాళ్లు "అవ్, గదే అన్న" అని ఒప్పుకునేదాకా మన వంతు రాదు. మొదట్లో ఇది మాకు గోడకుర్చీ వేయించినట్టే ఉండేది. వాదించడానికి నోరు దురద పెడుతుంటే, ఎదుటివాళ్ల మాట అప్పజెప్పడమేమిటి! కానీ అప్పజెప్పబోతే తెలిసేది, వాళ్లు అన్నదొకటి, మేం పట్టుకున్నది ఇంకొకటి అని. చాలా తగాదాలు అక్కడే చల్లారిపోయి గారెల మీదికి మళ్లేవి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం టీచర్ పెద్దవాళ్లను కూడా పిలిచారు. బాపు ఇస్త్రీ అంగీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బిడ్డ మాట్లాడుతుందని పక్కవాళ్లకు చెప్పుకున్నాడు కూడా. నేను లేచి, చదివిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "బొగ్గు కాలవెట్టుడు బంద్ కావాలె, గప్పుడే ఎండలు తగ్గుతయ్" అని ముగించాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. బాపు లేచి, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు లేచారు.

ఇంటికి పోయేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "గా బొగ్గే నీకు బువ్వ వెట్టింది. గా బొగ్గే నిన్ను సదివిస్తున్నది. ఇగ గా చాప మీద నువ్వు కూసునేది లేదు," అన్నాడు.

ఆ తర్వాత మా ఇద్దరి మాటలు అవ్వ మీదుగా, అంటే మా అమ్మ మీదుగా నడిచాయి. "నీ బిడ్డను తినుమను" అని ఆయన, "ఆకలైతలేదని చెప్పు" అని నేను. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, అప్పుడు నిజంగా దిగులు పడ్డాను. బాయి నుంచి రాగానే బాపు నన్నే పిలిచి, బడిలో ఏం చెప్పారని అడిగేవాడు. చాప పోతే పోయింది, ఆ పిలుపు ఇక ఉండదేమోనని నా భయం.

కొన్నాళ్లకు టీచర్ మా ఇంటికి వచ్చారు. నా తరఫున గట్టిగా వాదిస్తారని తలుపు చాటున సంబరపడ్డాను. ఆవిడ నా పేరే ఎత్తలేదు.

"రాజేశమన్నా, ఆ దినం లేచి పోయినవ్ గని నీ మాట చెప్పకపోతివి. చెప్పు, నేను తిరిగి చెప్త."

"నాదేముంది టీచరమ్మా," అన్నాడు బాపు. తువ్వాల అంచు నలిపి, మళ్లీ తనే అందుకున్నాడు. "బాయిల దిగితెనే మా ఇల్లు నడుస్తది. ఎండలన్ని నేనే తెచ్చినట్టు నా బిడ్డనే నన్ను అందరి ముందట నిలవెట్టింది."

"నీ కష్టంతోని ఇల్లు నడుస్తున్నది. తప్పంత నీదే అన్నట్టు బిడ్డ అందరి ముందట మాట్లాడితే నీకు బాధైంది. గంతేనా?"

"గంతే గాదు. రేపు బాయి బంద్ అయితే మేమెట్ల బతకాల్నో ఒక్కలన్న చెప్పిండ్రా?"

"బాయి బంద్ అయితే మీరెట్ల బతకాల్నో ఎవ్వలు చెప్పలే. గదేనా?"

"అవ్, గదే."

బాపు మొహం తేటపడింది. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. నేను అంత చదివి అంత మాట్లాడినా, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. టీచర్ తలుపు వైపు చూసి, "చాటునున్నామె బయటికి రావాలె. ఇగ నీ వంతు," అన్నారు.

"నీ మీద కోపం గాదు బాపు," అన్నాను. "పగటిపూట రేకుల కింద అవ్వకు తల తిరిగి పడబోయింది. గది సూసి భయమైంది."

"వాళ్లవ్వకు తల తిరిగిందట..." అని మొదలుపెట్టి బాపు ఆగిపోయాడు. అవ్వ వైపు తిరిగి, "నాకెందుకు చెప్పకపోతివే?" అన్నాడు.

"ముందుగాల పూర్తిగ అప్పజెప్పు రాజేశమన్నా!" అని టీచర్ క్లాసులో గద్దించినట్టు గద్దించారు. బాపుకు నవ్వొచ్చింది. "బిడ్డకు భయమైందట. నా మీద కోపం గాదట," అన్నాడు నన్ను చూస్తూ. "అవ్, గదే" అనబోయి ఏడ్చేశాను. "ఇగ మీ మాటలు మీరే మోసుకోండ్రి," అంది అవ్వ.

బొగ్గు సంగతి ఒక్కరోజులో తేలేది కాదు, కప్పు సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉందని తర్వాతి ముచ్చటలో అనుకున్నాం. తెల్లసున్నం కొడితే రేకులు అంత వేడెక్కవని టీచర్ చెప్పారు. మేం కప్పులెక్కాం, బాపు నిచ్చెన పట్టుకున్నాడు. ఒక వరసంతా పాలలో ముంచినట్టు తయారైంది. సున్నం ఆరనైనా లేదు, సాయంత్రం గాలివాన దంచికొట్టింది. కొట్టిన సున్నమంతా జారి, పక్కింటి లచ్చక్క వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీద పడింది. తెల్లారి ఆమె ఆ మిరపకాయలను చాటలో పోసుకుని టీచర్ ఇంటి మీదికొచ్చింది. ఆమె తిట్ల దండకం అయ్యేదాకా టీచర్ చేతులు కట్టుకుని విని, అదే గొంతుతో మొదలుపెట్టారు.

"మీ సున్నం పాడుగాను. మీ సదువులు మన్నువడ. ఏడాది కారం ఆగమైపాయె. పోరగాండ్లకు పనిలేదు, నీకు బుద్ధి లేదు. గదేనా లచ్చక్కా, ఏమన్న తక్కువైందా?"

"నీకు అసలే బుద్ధి లేదన్న. అసలే అన్నది ఇడిసినవ్," అంది లచ్చక్క, అంతే సీరియస్‌గా.

వాడంతా ఘొల్లున నవ్వింది. చివరికి లచ్చక్క కూడా చాట కింద పెట్టి నవ్వింది. మేమందరం ఇంటింటికీ తిరిగి ఆమెకు మిరపకాయలు పోగుచేసి ఇచ్చాం. రెండోసారి, వానకు జారకుండా సున్నంలో తుమ్మబంక కలిపాం. మొదటి కప్పు తనదే కావాలని లచ్చక్క పట్టుబట్టింది. ఆ ఎండాకాలం అవ్వ పగటిపూట ఇంట్లోనే కునుకు తీసింది.

కొన్నేళ్లకు టీచర్ చనిపోయిన రోజు చర్చి నిండిపోయింది. చదువుకున్నవాళ్లు చాలామంది ఆవిడను పొగిడారు. ఎన్నడూ మైకు ముట్టని బాపు లేచి ముందుకు వెళ్లాడు.

"టీచరమ్మ అన్నది ముందుగాల నేను చెప్త," అన్నాడు. "పిల్లలకు రేపటి ఎండ భయం, పెద్దోళ్లకు రేపటి బువ్వ భయం. రెండు భయాలు ఒక్క చాప మీద కూసోవాలె అన్నది."

అలవాటుకొద్దీ టీచర్ ఉన్న పెట్టె వైపు తిరిగి, జవాబు కోసం ఆగాడు. అప్పుడు వెనక నుంచి లచ్చక్క గొంతు వినిపించింది. "అవ్, గదే అన్నది." ఆ వెంటనే మా వాడ వాడంతా ఆ మాటే అంది.

జమ్మికుంటలో సున్నం పొంగు తగ్గింది. నిచ్చెన వేయబోతుంటే ఇంటాయన అడ్డమొచ్చాడు. "మీరు ఫోటోలు దిగి పోతరు. రేకు పలిగితే వానకాలం మేమేడ పండుకోవాలె?" అన్నాడు. ఇందాక నా నవ్వు గురించి అడిగిన అమ్మాయికి రోషం వచ్చి, గట్టిగా జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. నా వైపు చూసింది. నా క్లాసులో కూడా టీచర్ పెట్టిన షరతే. ఆమె ఆయన వైపు తిరిగింది.

"మేం వచ్చి పోయేటోళ్లం. రేకు పలిగితే తడిసేది మీరు. గదేనా కాకా?"

"అవ్, గదే," అన్నాడాయన. "ఇగ నువ్వు చెప్పు బిడ్డా."